మచ్చ కనిపించకుండా గోడకు ప్యాచ్ వేయడం ఎలా? ఇంట్లో చేసుకోగల చిన్న పెయింట్ పనులు

"టీవీ వేరే గోడకు మార్చాం. పాత రంధ్రాలకు లప్పం పెట్టి, మిగిలిన రంగే వేశాం. అయినా అక్కడ ప్యాచ్ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఏం చేయాలి?" నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. దసరా, సంక్రాంతి దగ్గర పడితే మరీ ఎక్కువగా అడుగుతారు. పెయింటర్‌ని పిలుద్దామంటే నాలుగు రంధ్రాల కోసం ఎవరూ రారు. అందులో వాళ్ల తప్పు లేదు. అరగంట పని చేసి, ఆరడానికి పూటంతా కూర్చుంటే రోజు కూలి గిట్టదు. కాబట్టి ఇలాంటి పనులు మనమే నేర్చుకోవడం మేలు. పెద్ద కష్టమేమీ కాదు.

ఒక్క మాట ముందే చెప్తాను. ఈ పనిలో రంగు వేయడం ఆఖరి పావు వంతు మాత్రమే. మిగతా ముప్పావు వంతు గీకడం, నింపడం, రుద్దడం, ఆరనివ్వడం. ప్యాచ్ కనిపిస్తోందంటే నూటికి తొంభై సార్లు తప్పు ఈ ముప్పావు వంతులోనే జరిగి ఉంటుంది, రంగు డబ్బాలో కాదు.

మొదలుపెట్టే ముందు మూడు విషయాలు తేల్చుకోండి

మొదటిది, గోడ మీద ఇప్పుడున్నది ఏ రంగు? తడిగుడ్డతో ఒకచోట గట్టిగా రుద్దండి. గుడ్డకు సుద్దలా పొడి అంటితే అది సున్నమో డిస్టెంపరో. ఏమీ అంటకపోతే దూదిని స్పిరిట్‌లో గానీ హ్యాండ్ శానిటైజర్‌లో గానీ ముంచి రుద్దండి. రంగు మెత్తబడి దూదికి అంటితే ఎమల్షన్, అంటే నీళ్లు కలిపి వేసే గోడ రంగు. అప్పుడూ ఏమీ అంటకపోతే ఆయిల్ పెయింట్, అంటే ఎనామిల్. దీన్ని తేల్చకుండా పనిలోకి దిగితే శ్రమంతా వృథా అవుతుంది. సున్నం మీద నేరుగా ఎమల్షన్ వేస్తే కొన్నాళ్లకే పొరలుగా లేచిపోతుంది. ఆయిల్ పెయింట్ నునుపు మీద అలాగే వేసినా పట్టు ఉండదు.

రెండోది, గోడలో చెమ్మ ఉందా? అరచేయి రెండింతల ప్లాస్టిక్ కవర్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు గాలి చొరకుండా అంటించి, ఒక రోజంతా వదిలేయండి. తీసి చూసినప్పుడు కవర్ లోపలివైపు, అంటే గోడకు ఆనుకున్న వైపు, నీటి బొట్లు ఉంటే చెమ్మ గోడలోంచే వస్తోంది. అప్పుడు ఇవాళ రంగు పని మానుకోండి. చెమ్మ గోడ గురించి కింద విడిగా చెప్పాను.

మూడోది, అదే షేడ్ మీ దగ్గరుందా? పాత డబ్బా ఉంటే మూత మీదో పక్కనో షేడ్ నంబరు, పేరు ఉంటాయి. డబ్బా లేకపోతే స్విచ్ బోర్డు పక్కనో అలమర వెనకో కనబడని చోట బ్లేడుతో రూపాయి బిళ్లంత పెచ్చు జాగ్రత్తగా లేపి షాపుకి పట్టుకెళ్లండి. ఫోన్‌లో ఫోటో తీసి చూపించడం మాత్రం వద్దు. ఫోన్ కెమెరా ప్రతి వెలుతురులో రంగును ఒక్కోలా చూపిస్తుంది. షేడ్ కార్డును కూడా షాపులోని ట్యూబ్‌లైటు కింద కాకుండా బయటి పగటి వెలుతురులో పెచ్చు పక్కన పెట్టి చూడండి.

షేడ్‌తో పాటు మెరుపు కూడా కలవాలి. అదే షేడ్ మ్యాట్‌లో ఒకలా, మెరుపు రకంలో ఇంకోలా కనిపిస్తుంది. మ్యాట్ గోడల మీద ప్యాచ్ సులువుగా కలిసిపోతుంది. మెరిసే గోడల మీద చేయి తిరిగిన పెయింటర్ వేసినా ఏదో ఒక కోణంలో కనిపిస్తుంది. మీ గోడ మెరిసే రకమైతే మూల నుంచి మూల దాకా వేయడానికి మొదటి నుంచే సిద్ధపడండి.

కావలసినవి

- లప్పం. షాపుల్లో దీన్నే పట్టీ అంటారు. ఇంటి లోపల, రంగు వేసి ఉన్న గోడ మీద చిన్న రంధ్రాలకు డబ్బాలో తడిగా దొరికే అక్రిలిక్ పట్టీ తీసుకోండి. సిమెంటు దాకా పెచ్చు ఊడిన చోట, బయటి గోడలకు తెల్ల సిమెంటు పట్టీ పొడి వాడాలి. ఈ రెండూ ఒకటి కాదు. సిమెంటు పట్టీ పాత రంగు మీద పట్టుకోదు, అక్రిలిక్ పట్టీ వానకు తట్టుకోదు.
- లప్పం పట్టే బ్లేడు, ఒకటి 2 అంగుళాలది, ఒకటి 4 అంగుళాలది. పాత ప్లాస్టిక్ కార్డు కూడా చిన్న రంధ్రాలకు బాగా పనిచేస్తుంది.
- ఎమరీ పేపర్, 120 నంబరు ఒకటి, 220 నంబరు ఒకటి.
- వాటర్ ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే, నీళ్లతో కలిపే పూత. దొరికినంత చిన్న డబ్బా.
- గోడ రంగు. ఎమల్షన్ సాధారణంగా లీటరు నుంచి దొరుకుతుంది. కొన్ని కంపెనీలవి 200 మి.లీ. శాంపిల్ డబ్బాలూ ఉంటాయి, అడగండి.
- 4 అంగుళాల చిన్న రోలర్, 1 అంగుళం బ్రష్. గోడకు మొదట రోలర్‌తో వేసి ఉంటే ప్యాచ్ కూడా రోలర్‌తోనే వేయాలి. బ్రష్ గీతలు, రోలర్ చుక్కల గరుకు పక్కపక్కన ఉంటే షేడ్ ఒకటే అయినా తేడా తెలిసిపోతుంది.
- మాస్కింగ్ టేపు, పాత న్యూస్‌పేపర్లు, పాత కాటన్ చీర ముక్క, ముక్కుకు మాస్క్, టార్చి.

కుర్చీ ఎక్కాల్సి వస్తే ప్లాస్టిక్ కుర్చీ వాడొద్దు. గట్టి స్టూలో నిచ్చెనో వాడి, కింద ఒకరిని పట్టుకోమనండి. పైన పని చేస్తుంటే ఫ్యాన్ స్విచ్ ఆపి, ఎవరూ వేయకుండా దాని మీద టేపు అంటించండి. స్విచ్ బోర్డు దగ్గర పనైతే మెయిన్ ఆపాకే మొదలుపెట్టండి.

మేకు రంధ్రాలు, పెచ్చులు, సన్నటి పగుళ్లు: అసలు పని

1. గీకండి. రంధ్రం చుట్టూ ఉబ్బిన అంచును బ్లేడుతో చదును చేయండి. మేకు దిగినప్పుడు రంధ్రం చుట్టూ చిన్న గట్టు లేస్తుంది. దాన్ని తీయకుండా లప్పం పెడితే ఎంత రుద్దినా అక్కడ బొడిపె మిగిలిపోతుంది. స్క్రూ కోసం దించిన ప్లాస్టిక్ ప్లగ్ ఉంటే, ఒక స్క్రూను సగం బిగించి కటింగ్ ప్లయర్‌తో లాగితే వచ్చేస్తుంది. రాకపోతే మేకు తలతో కొట్టి లోపలికి దించేయండి. లాగే పట్టుదలతో గోడ పెచ్చు ఊడగొట్టుకోవద్దు. పెచ్చులూడిన చోట గోటితో గీరితే లేచే రంగంతా తీసేయాలి. "ఇక్కడిదాకా చాలు" అనుకున్న చోట ఆగకుండా గట్టి రంగు తగిలేదాకా వెళ్లండి. సగం లేచిన రంగు మీద పెట్టిన లప్పం కొద్ది నెలల్లో దాంతోపాటే ఊడుతుంది.

 పగులు వెంట్రుకంత సన్నగా ఉంటే లప్పం లోపలికి దిగదు. బ్లేడు మూలతో పగులు పొడవునా ఒక గీత గీసి కొంచెం వెడల్పు చేయండి. వినడానికి తప్పు చేస్తున్నట్టు అనిపిస్తుంది గానీ, నింపడానికి చోటు ఉంటేనే లప్పం నిలుస్తుంది. పగులు మెట్లమెట్లుగా పోతున్నా, కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకి వేలు దూరేంత ఉన్నా, నెలనెలా పెరుగుతున్నా అది రంగు పని కాదు. ఇంజనీరుకో అనుభవమున్న మేస్త్రీకో చూపించండి.

2. తుడవండి. దుమ్ము మీద ఏదీ అంటదు. పొడిగుడ్డతో, ఆ తర్వాత తడిపి పిండిన గుడ్డతో తుడవండి. అక్రిలిక్ పట్టీకి ఇది చాలు. సిమెంటు పట్టీ పెట్టేటట్టయితే ఆ చోటును నీళ్లతో కాస్త తడపాలి. పొడి సిమెంటు గోడ లప్పంలోని నీటిని పీల్చేస్తే లప్పం పిండిలా రాలిపోతుంది.

3. లప్పం కలపండి. డబ్బా పట్టీకి కలపడం అక్కర్లేదు. సిమెంటు పట్టీ పొడి అయితే సుమారు మూడు చెంచాల పొడికి ఒక చెంచా నీళ్లు. ఉండలు లేకుండా కలిపి, పది నిమిషాలు వదిలి, మళ్లీ కలపండి. వెన్నలా ఉండాలి. బ్లేడు మీద నిలవాలి, జారకూడదు. గంటలో వాడగలిగినంతే కలపండి. గట్టిపడ్డ లప్పంలో మళ్లీ నీళ్లు పోసి మెత్తబరచొద్దు. అది అతుక్కోదు.

4. పలుచగా, రెండుసార్లు పెట్టండి. నేను చూసినంతలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. లోతు రంధ్రాన్ని ఒక్కసారే నింపితే పైపొర ముందు ఆరి, లోపలిది తర్వాత ఆరుతూ కుంగిపోతుంది. మర్నాటికి అక్కడ చిన్న గుంట, దాని చుట్టూ వెంట్రుక పగులు కనిపిస్తాయి. మొదటిసారి లోపలికి నొక్కి ముప్పావు వంతు నింపండి. అది ఆరాక రెండోసారి గోడ మట్టం కంటే కాగితమంత ఎత్తుగా పెట్టండి. ఆరితే మట్టానికి వస్తుంది. రెండోసారి 4 అంగుళాల బ్లేడుతో రంధ్రం దాటి చుట్టూ రెండు మూడు అంగుళాలు లాగుతూ అంచులు సన్నబడేలా చేయండి. గుంట ఉన్నంత మేరకే పెట్టి ఆపితే ఆ అంచు గీతలా కనిపిస్తుంది.

 పెచ్చు సిమెంటు దాటి లోతుగా, అర అంగుళం పైన ఊడితే లప్పంతో నింపొద్దు. ముందు సిమెంటు, సన్న ఇసుక కలిపి అద్ది, దాన్ని వారం రోజులు తడపండి. కొత్త సిమెంటు మీద రంగు వేయడానికి మామూలుగా 28 రోజులు ఆగాలి. పండగ వారంలో ఉంటే ఈ పని పండగ తర్వాతకు పెట్టుకోండి.

5. ఆరనివ్వండి. అక్రిలిక్ పట్టీకి నాలుగు నుంచి ఆరు గంటలు, సిమెంటు పట్టీకి ఒక రాత్రి. వానాకాలంలో దీనికి రెట్టింపు. ఆరిందా అని ఎలా చూడాలి? రంగు ఒకేలా తెల్లబడాలి, ఎక్కడా బూడిదరంగు నీడ ఉండకూడదు. అరచేతి వెనక వైపు ఆనిస్తే చల్లగా తగలకూడదు. హెయిర్ డ్రైయర్‌తో ఆరబెడితే పైన పగుళ్లు వస్తాయి. ఫ్యాన్ గాలి చాలు.

6. రుద్దండి. ముందు 120, తర్వాత 220. కాగితాన్ని వేళ్లతో పట్టి రుద్దితే వేళ్లు ఆనిన చోటల్లా గాడి పడుతుంది. చిన్న చెక్క ముక్కకు చుట్టి గుండ్రంగా, తేలిగ్గా రుద్దండి. చుట్టూ ఉన్న పాత రంగును కూడా రెండు అంగుళాలు గరుకు చేయండి. మాస్క్ తప్పనిసరి. పిల్లల్ని, ఆస్తమా ఉన్నవాళ్లను వేరే గదిలో ఉంచండి.

 ఇక్కడొక ముఖ్యమైన హెచ్చరిక. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఆయిల్ పెయింట్లలో, ముఖ్యంగా తలుపులు, గ్రిల్స్ మీద ఉన్న పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో, సీసం ఉండే అవకాశముంది. ఆ దుమ్ము చిన్నపిల్లలకు చాలా హాని చేస్తుంది. అలాంటి పాత పెయింటును పొడిగా రుద్దొద్దు. నీళ్లలో వాడే ఎమరీ పేపర్‌ను తడిపి రుద్ది, గుడ్డతో ఎత్తి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. చీపురుతో ఊడవొద్దు, నేలను తడిగుడ్డతో తుడవండి. ఇంట్లో గర్భిణి గానీ పసిబిడ్డ గానీ ఉంటే ఆ పాత పెయింటు జోలికి మీరు వెళ్లకండి.

7. టార్చితో చూడండి. ఇది ఒక పెయింటర్ దగ్గర నేర్చుకున్నది, నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. లైటు ఆపేసి, ఫోన్ టార్చిని గోడకు ఆనించి వెలుతురు గోడ మీదుగా అడ్డంగా పాకేలా పెట్టండి. ఎదురుగా చూస్తే కనిపించని ప్రతి గుంటా, గట్టూ నీడతో బయటపడుతుంది. వేలిముద్రంత నీడ ఉన్నా రంగు వేశాక సాయంత్రం కిటికీ వెలుతురులో కనిపిస్తుంది. గుంట ఉంటే మళ్లీ పలుచగా లప్పం పెట్టండి, గట్టు ఉంటే మళ్లీ రుద్దండి. ఈ పరీక్షలో నెగ్గాకే ముందుకు వెళ్లండి.

8. ప్రైమర్ వేయండి. మొదట్లో చెప్పిన ప్రశ్నకు అసలు జవాబు ఇదే. లప్పం స్పాంజిలా రంగును పీల్చుకుంటుంది, చుట్టూ ఉన్న పాత రంగు పీల్చుకోదు. అందుకే అదే డబ్బాలోని రంగు ప్యాచ్ మీద వెలిసినట్టు, పక్కన నిండుగా కనిపిస్తుంది. ప్రైమర్ ఆ పీల్చుకోవడాన్ని ఆపుతుంది. లప్పం ఉన్నంత మేర, అంచు దాటి ఒక అంగుళం దాకా పలుచగా ఒక కోటింగ్ వేసి, డబ్బా మీద రాసినంత సేపు ఆగండి. ప్రైమర్ కొనడానికి కుదరకపోతే, అదే గోడ రంగులో మూడో వంతు నీళ్లు కలిపి లప్పం మీద ఒక కోటింగ్ వేసి ఆరనివ్వండి. ప్రైమరంత బాగా పనిచేయదు గానీ నాలుగైదు మేకు రంధ్రాలకు సరిపోతుంది.

9. రంగును సిద్ధం చేయండి. పాత డబ్బా అయితే మూత తీసి ముందు వాసన చూడండి. కుళ్లిన వాసన వస్తే పారేయండి. పైన తొక్క కట్టి ఉంటే దాన్ని కలిపేయకుండా ఎత్తి తీసేయండి. కర్రతో అడుగు నుంచి ఐదు నిమిషాలు కలపండి. రంగును ఇచ్చే పదార్థం అడుగున పేరుకుంటుంది కాబట్టి, పైపైన కలిపితే షేడ్ లేతగా వస్తుంది. పాత చీర ముక్కలో వడగట్టండి. అట్టముక్క మీద కొంచెం పూసి, పూర్తిగా ఆరాక గోడకు ఆనించి పగలు చూడండి. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు కొంచెం లేతగా ఉండి ఆరాక ముదురవుతుంది. తడి రంగును చూసి "కలవలేదు" అని కంగారుపడి స్టెయినర్ (షేడ్ మార్చడానికి కలిపే చిక్కటి రంగు) చుక్కలు కలిపారంటే డబ్బా అంతా పాడవుతుంది.

10. రంగు వేయండి. రోలర్‌ను ముంచి, రంగు కారకుండా ట్రే మీద దొర్లించి, ప్యాచ్ మధ్య నుంచి బయటికి దొర్లించండి. అంచులకు వచ్చేసరికి రోలర్ మీద రంగు దాదాపు అయిపోయి ఉండాలి. అంచు నలువైపులా ఒకే గీతలో ఆపొద్దు. ఒకచోట కొంచెం బయటికి, ఒకచోట లోపలికి, ఎగుడుదిగుడుగా ఆపండి. చదరంగా, టేపు పెట్టి వేసిన ప్యాచ్‌నే కన్ను ముందు పట్టుకుంటుంది. నాలుగు గంటల తర్వాత రెండో కోటింగ్ మొదటిదాని కంటే రెండు మూడు అంగుళాలు దాటేలా వేయండి. ఆరుతున్న రంగు మీదకు "ఇక్కడ తక్కువైంది" అని మళ్లీ వెళ్లొద్దు. సగం ఆరిన రంగును రోలర్ ఎత్తేస్తుంది.

ఎండాకాలం మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు. రోలర్ రెండో వైపుకు వచ్చేసరికి మొదటి వైపు ఆరిపోయి గీతలు పడతాయి. ఉదయం ఎనిమిదింటికి మొదలుపెట్టండి.

అయిపోయాక చూసుకోవడం

వేసిన రోజే చూసి బాధపడకండి. కనీసం రెండు రోజులు ఆగండి. మూడుసార్లు చూడండి: ఉదయం వెలుతురులో, సాయంత్రం కిటికీ పక్కనుంచి వెలుతురు పడేటప్పుడు, రాత్రి లైటు కింద. ఆరడుగుల దూరం నుంచి కనిపించకపోతే మీ పని బాగున్నట్టే.

కనిపిస్తే దేని వల్లో ఇలా తెలుసుకోండి. ప్యాచ్ వెలిసినట్టు, పాలిపోయినట్టు ఉంటే ప్రైమర్ లోపం. రంగు ఇంకో కోటింగ్ వేస్తే చాలాసార్లు సరిపోతుంది. ఎదురుగా చూస్తే బాగుండి పక్కనుంచి చూస్తే మెరుపు తేడా వస్తే, మీ రంగు రకం పాతదానితో కలవలేదు. గుండ్రటి నీడ కనిపిస్తే లప్పం మట్టం సరిగా రాలేదు, మళ్లీ 4వ మెట్టు నుంచి చేయాలి. ప్యాచ్ కొత్తగా శుభ్రంగా ఉండి చుట్టూ గోడ మాసినట్టు ఉంటే మీ తప్పేమీ లేదు. నాలుగైదేళ్లకు గోడ రంగు దుమ్ముతో, ఎండతో మారిపోతుంది, అదే డబ్బాలోని రంగైనా కలవదు. అప్పుడు ప్యాచ్‌లు వేస్తూ కూర్చోవడం కంటే ఆ ఒక్క గోడను మూల నుంచి మూల దాకా, పై నుంచి కింది దాకా వేసేయండి. రెండు గోడలు కలిసే చోట వెలుతురు ఎలాగూ మారుతుంది కాబట్టి కొద్దిపాటి షేడ్ తేడాను కన్ను పట్టుకోదు. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు గోడకు రెండు కోటింగులు వేయాలంటే రెండు లీటర్లు దగ్గర పెట్టుకోండి.

అద్దె ఇల్లు ఖాళీ చేసేవాళ్లకు కూడా నా సలహా ఇదే. మేకు రంధ్రాలు ఒకే గోడ మీద పదికి పైన ఉంటే ఒక్కో రంధ్రానికి చుక్క పెట్టొద్దు. గోడంతా మచ్చలు పడి, ఉన్నదానికంటే ఘోరంగా కనిపిస్తుంది. ఓనర్ గారిని ముందే షేడ్ నంబరు అడిగి గోడ మొత్తం వేయండి.

నూనె మరకలు, దీపం మసి, పెన్సిల్ గీతలు

మంచం తలవైపు తల ఆనిన నూనె మచ్చ, దేవుడి గదిలో దీపం మసి, పొయ్యి వెనక జిడ్డు. వీటి మీద నేరుగా ఎమల్షన్ ఎన్ని కోటింగులు వేసినా వారంలో పసుపుగా పైకి తేలతాయి. ముందు గోరువెచ్చటి నీళ్లలో గిన్నెల సబ్బు గానీ కొంచెం వాషింగ్ సోడా గానీ కలిపి స్పాంజితో తుడవండి. కింది నుంచి పైకి తుడిస్తే చారలు పడవు. తర్వాత మంచినీళ్లతో తుడిచి ఒక రోజు ఆరనివ్వండి. ఇంకా మచ్చ మిగిలితే దాని మీద ఆయిల్ ప్రైమర్ ఒక కోటింగ్ వేసి, రాత్రంతా ఆరనిచ్చి, పైన ఎమల్షన్ వేయండి. నీళ్లతో కలిపే ప్రైమర్ ఇక్కడ పనికిరాదు. స్కెచ్ పెన్, బాల్ పెన్ గీతలకు కూడా ఇదే పద్ధతి. మామూలు పెన్సిల్ గీతలకు రబ్బరుతో తుడిస్తే చాలు.

చెమ్మ గోడ: ముందు నీళ్లు ఆపండి

బాత్రూమ్ వెనక గోడ, నేల నుంచి రెండడుగుల దాకా పొంగి రాలే గోడ, పైకప్పు మూల. ఇక్కడ రంగు వేయడం డబ్బు వృథా చేసుకోవడమే. మా ఇంట్లో బాత్రూమ్ అవతలి గోడకు వరసగా రెండేళ్లు లప్పం, రంగు వేశాం. రెండుసార్లూ వానాకాలం దాటకముందే ఊడిపోయింది. చివరికి టైల్స్ మధ్య సందులు నింపి, లీకయ్యే పైపు జాయింటు మార్చాకే గోడ ఆరింది. ఆ తర్వాత వేసిన రంగు ఇప్పటికీ నిలిచే ఉంది.

నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో కనుక్కుని ఆపాక, గోడను కనీసం కొన్ని వారాలు గాలికి ఆరనివ్వాలి. తెల్లటి ఉప్పు పొడి తేలి ఉంటే పొడి బ్రష్‌తోనే దులపండి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. నల్లటి బూజు ఉంటే బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పూసి పది పదిహేను నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో తుడిచి ఆరనివ్వండి. గ్లవ్స్ వేసుకోండి, కిటికీలు తెరవండి. టాయ్‌లెట్ కడిగే యాసిడ్‌ను దీనికి దగ్గరగా కూడా రానివ్వొద్దు. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. మళ్లీ ప్లాస్టిక్ కవర్ పరీక్ష చేసి, కవర్ పొడిగా ఉంటేనే లప్పం పట్టండి.

కిటికీ గ్రిల్, ఇనుప గేటు తుప్పు

కావలసినవి వైర్ బ్రష్, 80 లేదా 120 ఎమరీ పేపర్, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, ఎనామిల్, టర్పెంటైన్. ఎనామిల్ 50, 100, 200 మి.లీ. డబ్బాల్లో దొరుకుతుంది. ఒక కిటికీకి 200 మి.లీ. చాలు.

1. వైర్ బ్రష్‌తో తుప్పు పొలుసులన్నీ రాల్చండి. తర్వాత ఎమరీతో ఇనుము మెరిసేదాకా రుద్దండి. అడ్డకడ్డీ, నిలువుకడ్డీ కలిసే మూలల్లో తుప్పు దాక్కుంటుంది. మళ్లీ తుప్పు మొదలయ్యేది అక్కడి నుంచే. పాత పెయింటైతే సీసం గురించి పైన చెప్పింది గుర్తుంచుకోండి.
2. టర్పెంటైన్ గుడ్డతో తుడవండి. మండే పదార్థం కాబట్టి పొయ్యికి, దీపానికి దూరంగా ఉండండి.
3. అదే పూట రెడ్ ఆక్సైడ్ వేయండి. రుద్దిన ఇనుమును రాత్రంతా వదిలేస్తే, ముఖ్యంగా సముద్రం దగ్గరి ఊళ్లలో, పొద్దునకల్లా మళ్లీ ఎర్రబారుతుంది. తుప్పు, రెడ్ ఆక్సైడ్ రెండూ ఒకే రంగులో ఉంటాయి కాబట్టి తుప్పు మీదే ప్రైమర్ వేసినా మీకు తెలియదు. అందుకే మొదటి మెట్టు శ్రద్ధగా చేయాలి.
4. మర్నాడు పలుచగా ఎనామిల్, ఆ మర్నాడు ఇంకో పలుచటి కోటింగ్. ఒక్కసారే మందంగా వేస్తే కడ్డీ కింద చుక్కలుగా కారి అలాగే గట్టిపడుతుంది.

సంక్రాంతి ముందు గేటుకు రంగు వేసేవాళ్లు ఉదయం మంచు తడి పోయాక, తొమ్మిది పదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించండి. సాయంత్రం వేస్తే రాత్రి మంచు పడి ఎనామిల్ మెరుపు పోయి పాలిపోతుంది. సరిగా పట్టిందో లేదో వారం తర్వాత గోటితో గీరి చూడండి. పొరగా లేస్తే ప్రైమర్ కింద జిడ్డో తుప్పో మిగిలి ఉంది.

గడప

గడపకు వేసిన పసుపు ఎనామిల్ ఏడాది తిరక్కుండానే పెచ్చులుగా లేస్తుందని చాలామంది అంటారు. కారణం ఒక్కటే. శుక్రవారం శుక్రవారం రాసిన పసుపు, కుంకుమ, వాటితోపాటు చేరిన నూనె చెక్క మీద పొరలా ఉంటాయి. దాని మీదే రంగు వేసేస్తాం. ముందు సబ్బునీళ్లతో రుద్ది కడిగి, రెండు రోజులు ఎండనివ్వండి. చెక్క తడిగా ఉంటే రంగు పొక్కులు పోతుంది. తర్వాత 120 ఎమరీతో చెక్క గీతల వెంటే రుద్ది, టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, వుడ్ ప్రైమర్ వేయండి. చెదలు తిన్నట్టు, బ్లేడు గుచ్చితే మెత్తగా దిగేట్టు ఉంటే రంగు ఆపి ముందు వడ్రంగికి చూపించండి.

గడపను ఒక రాత్రంతా తొక్కకుండా, దాటేవాళ్ల బట్టలు తగలకుండా ఉంచడమే ఇందులో కష్టం. రాత్రి అందరూ పడుకున్నాక వేయండి. ప్రైమర్ ఒక రాత్రి, పసుపు రెండు రాత్రులు, ఎర్ర చుక్కలు, ముగ్గు గీతలు నాలుగో రాత్రి. కాబట్టి పండగకు ఐదు రోజుల ముందు మొదలుపెట్టాలి. చుక్కలకు బ్రష్ కంటే చూపుడు వేలంత కర్రకు చుట్టిన దూది గుడ్డ గుండ్రంగా వేస్తుంది. రంగు వేశాక పది రోజుల దాకా నీళ్లు పోసి కడగొద్దు. పొడిగుడ్డతో తుడిచి పసుపు బొట్టు పెట్టుకోవచ్చు.

చెక్క తలుపుల అంచులు వానాకాలంలో ఉబ్బి పట్టేస్తుంటాయి. అప్పుడు రుద్ది రంగు వేయకండి. ఎండాకాలానికి చెక్క ముడుచుకుంటే సందు వస్తుంది. ఎక్కడ పట్టేస్తోందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, వేసవిలో చేయండి.

బ్రష్‌లు, మిగిలిన రంగు

ఎమల్షన్ బ్రష్‌ను వెంటనే నీళ్లలో కడగండి. రెండు కోటింగుల మధ్య కడగనక్కర్లేదు, ప్లాస్టిక్ కవర్లో గట్టిగా చుట్టి పెడితే ఆరదు. ఎనామిల్ బ్రష్‌ను ముందు టర్పెంటైన్‌లో, తర్వాత సబ్బుతో కడగాలి. ఆ టర్పెంటైన్‌ను సింక్‌లో పోయొద్దు. సీసాలో నిలవ ఉంచితే రంగు అడుగుకు దిగుతుంది, పైన తేరుకున్నది మళ్లీ వాడుకోవచ్చు. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకుండా బయట పరిచి ఆరబెట్టండి.

మిగిలిన రంగును పెద్ద డబ్బాలో అడుగున ఉంచితే లోపలి గాలికి తొక్క కడుతుంది. మూత గట్టిగా బిగిసే చిన్న గాజు సీసాలోకి నిండా పోసి, ఎండ తగలని చోట, పిల్లలకు అందకుండా పెట్టండి. సీసా మీద షేడ్ పేరు, నంబరు, కంపెనీ, మ్యాటా మెరుపా, ఏ గదికి వేశారు, ఏ నెలలో వేశారు అన్నవి రాసి అంటించండి. అవే వివరాలు మెయిన్ స్విచ్ బోర్డు తలుపు లోపలివైపు కూడా రాసి పెట్టండి. సీసా ఎక్కడ పెట్టామో మర్చిపోయినా, రంగు ఎండిపోయినా, ఆ నంబరు చూపిస్తే షాపులో అదే షేడ్ కలిపి ఇస్తారు.